ఫెలోషిప్ పడిన రోజు: మన విద్యార్థులు, మదుపు, మార్కెట్

మా హాస్టల్లో పండగలు రెండు. ఒకటి ఏప్రిల్ 14. రెండోది ఫెలోషిప్ బకాయిలు పడిన రోజు. మొదటిదానికి తేదీ ఉంది, రెండోదానికి లేదు. నాలుగు నెలలో, ఆరు నెలలో మెస్ బిల్లు అప్పు పెట్టుకుని, స్నేహితుల దగ్గర చేబదుళ్లు తీసుకుని నెట్టుకొస్తుంటే ఒక సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఒకేసారి లక్ష, లక్షన్నర. మాలో చాలామంది ఇళ్లలో ఎవరి ఖాతాలోనూ అంత మొత్తం ఒక్కసారిగా కనబడి ఉండదు.

పోయినేడాది అలాంటి రోజునే పక్క డిపార్ట్‌మెంట్ తమ్ముడొకడు నా దగ్గరికొచ్చాడు. నల్గొండ జిల్లా వాడు, అమ్మానాన్నలు కూలికి పోతారు. "అక్కా, నీకు డీమ్యాట్ ఉందా?" అన్నాడు. లేదన్నాను. "ఇంకెప్పుడు తీస్తవక్కా? పైసలు బ్యాంకుల పెడితే ఏమొస్తది?" అని నవ్వాడు. మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చి ఐదు వేలు చేబదులు అడిగాడు, మెస్ బిల్లు కట్టడానికి. పడిన లక్షా ఇరవై వేలలో తొంభై వేలు ఆప్షన్స్‌లో పోయాయి. ఇంట్లో చెప్పలేదు. "ఫెలోషిప్ ఇంకా పడలేదమ్మా" అని వాళ్లమ్మకు ఫోన్‌లో చెప్తుంటే పక్కనే ఉండి విన్నాను. తన పేరు లేకుండా రాయమని అనుమతిచ్చాడు కాబట్టి రాస్తున్నాను.

నా పరిశోధన మార్కెట్ల మీద కాదు. దళిత కుటుంబాల అప్పుల మీద. కానీ రెండేళ్లుగా హాస్టల్ గదుల్లో, క్యాంటీన్‌లో, సభలయ్యాక టీ కొట్టు దగ్గర ఈ సంభాషణ నన్ను వదలడం లేదు. డిగ్రీ పిల్లల నుంచి పీహెచ్‌డీ వాళ్ల దాకా అందరి నోటా మదుపు మాటే. కొందరికి అది భయం, కొందరికి కసి. "మనోళ్లకు షేర్ మార్కెట్ ఎందుకు, అది సేట్ల పని" అనేవాళ్లు ఒక పక్క. "మన తాతలు కూలి చేశారు, మన నాన్నలు కూలి చేశారు, మనమైనా డబ్బుతో డబ్బు సంపాదించాలి" అనేవాళ్లు మరో పక్క. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇద్దరికీ అవతలి నుంచి చెప్పేవాళ్లు మాత్రం సరైనవాళ్లు లేరు.

ముందు మాటల సంగతి. మా ఇళ్లలో పెట్టుబడి అంటే కౌలు పొలానికి విత్తనాలు, ఎరువులు, మందులు. "పెట్టుబడి పెట్టాం, చేతికి రాలేదు" అనే వాక్యం వింటూ పెరిగాం. హాస్టల్‌కొచ్చాక అదే మాట యాప్‌లో ఆకుపచ్చ, ఎరుపు గీతలుగా కనబడుతుంది. ఇక్కడే పెద్ద గందరగోళం మొదలవుతుంది. పిల్లలు 'ఇన్వెస్ట్‌మెంట్' అంటున్నది చాలాసార్లు ఇన్వెస్ట్‌మెంట్ కాదు, ట్రేడింగ్. అందులోనూ ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్. రెండింటికీ ఒకటే యాప్, ఒకటే లాగిన్. వేలు అర అంగుళం పక్కకు జరిపితే ఇందులోంచి అందులోకి పోతాం.

షేరు కొనడమంటే ఒక కంపెనీలో చిన్న వాటా కొనడం. ధర పడిపోయినా కంపెనీ బతికున్నంత కాలం ఆ వాటా మనదే. ఆప్షన్ అలా కాదు. ఫలానా తేదీలోపు నిఫ్టీ ఫలానా అంకె దాటుతుందని డబ్బు కట్టడం లాంటిది. ఒక్కో యూనిట్‌కి 40 రూపాయల ప్రీమియం, లాట్‌కి 75 యూనిట్లు అనుకుందాం. మూడు వేలు కట్టాం. గడువు రోజుకి నిఫ్టీ ఆ అంకె దాటకపోతే మన చేతిలో మిగిలేది సున్నా. సగం కాదు, పావు కాదు, సున్నా. పైగా రోజు గడిచేకొద్దీ, నిఫ్టీ ఎటూ కదలకపోయినా, ఆ 40 కరుగుతూనే ఉంటుంది. ఎదురుగా ఆప్షన్ అమ్మినవాడికి ఆ కరుగుదలే సంపాదన. మూడు వేలతో మొదలుపెట్టొచ్చు కాబట్టి పేద పిల్లలకు ఇదే అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తుంది. మంచి కంపెనీ షేరు ఒక్కటి కొంటే ఏడాదికి పది, పదిహేను శాతం పెరిగితే గొప్ప. మూడు వేల మీద అది మూడు వందల నుంచి నాలుగు వందల యాభై. ఆప్షన్ మధ్యాహ్నానికే మూడు వేలను తొమ్మిది వేలు చేయగలదు. నల్గొండ తమ్ముడికి మొదటి వారం అదే జరిగింది. ఆ మొదటి గెలుపే వాణ్ణి ముంచింది.

మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన అధ్యయనం ఈ ఆట లెక్క తేల్చింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో దిగిన కోటికి పైగా వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. ఖర్చులు కలుపుకుని సగటున మనిషికి దాదాపు రెండు లక్షలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైమాట. ఖర్చులు పోను లక్షకు మించి లాభం కళ్లజూసినవాళ్లు ఒక్క శాతం. మరి ఆ డబ్బు ఎవరికి పోయింది? 2023-24లో సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలకు దాదాపు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలకు దాదాపు 28 వేల కోట్లు స్థూల లాభం వచ్చింది. అందులో దాదాపు అంతా కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన ట్రేడింగ్‌దే. అటువైపు కూర్చున్నది సెకనులో వెయ్యో వంతులో నిర్ణయం తీసుకునే యంత్రం. ఇటువైపు హాస్టల్ వైఫై.

అదే అధ్యయనంలో మన చర్చకు కావలసిన అంకెలు ఇంకో రెండున్నాయి. ఎఫ్ అండ్ ఓలో దిగినవారిలో ముప్ఫై ఏళ్ల లోపు వారు ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. నాలుగింట మూడొంతుల మందికి పైగా తమ ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపేనని చెప్పారు. ఆ తర్వాత సెబీ లాట్ విలువ పెంచింది, వారాంతపు గడువులు తగ్గించింది. అయినా 2024-25లో నష్టపోయినవాళ్లు నూటికి 91 మంది, నష్టం లక్ష కోట్లు దాటింది. ఈ నివేదికల్లో వయసుంది, ఆదాయముంది. కులం లేదు. తొంభై వేలు పోగొట్టుకున్న తమ్ముడు అక్కడ 'ముప్ఫై ఏళ్ల లోపు, ఐదు లక్షల లోపు' అనే గళ్లలో ఒక చుక్క.

కులం లేని అంకెలు చూసి చాలామంది చెప్పేది ఒకటే: ఆర్థిక అక్షరాస్యత లేదు, నేర్పిస్తే సరిపోతుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాబాసాహెబ్ గుర్తొస్తాడు. 1915లో కొలంబియాలో ఈస్టిండియా కంపెనీ ఆర్థిక వ్యవహారాల మీద ఎంఏ సిద్ధాంత వ్యాసం రాసినవాడు. ఆ తర్వాత 1923లో రూపాయి సమస్య మీద పుస్తకమే తెచ్చినవాడు. ఈ రెంటికీ మధ్య, బరోడా కొలువులో నిలవనీయక, ఉండడానికి గది కూడా దొరకనీయక తరిమేశాక బొంబాయి వచ్చి బతుకుతెరువు కోసం స్టాకులు, షేర్ల మీద సలహాలిచ్చే చిన్న సంస్థ తెరిచాడు. సలహాదారు అంటరానివాడని తెలిసిన రోజు నుంచి ఖాతాదారులు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో అధ్యాపకుడయ్యాడు, అక్కడా ఆయన ముట్టుకున్న నీళ్ల కుండ గురించి తోటి అధ్యాపకులు గొడవ చేశారు. ఆ ఊళ్లో డబ్బు గురించి ఆయనంత చదివినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? ఆయనకు తక్కువైంది ఆర్థిక అక్షరాస్యత కాదు.

ఇప్పుడు యాప్‌లో ఎవరూ కులం అడగరు, నిజమే. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఉంటే పది నిమిషాల్లో డీమ్యాట్ తెరుచుకుంటుంది. 2020 మార్చి నాటికి దేశంలో నాలుగు కోట్ల చిల్లర డీమ్యాట్ ఖాతాలుంటే 2025లో 19 కోట్లు దాటాయి. ద్వారం దగ్గర కాపలా పోయింది. లోపల మాత్రం పాత లెక్కే. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను 2010 నాటి వివరాలతో పరిశీలించిన పరిశోధకులు 2012లో తేల్చింది ఇది: నూటికి 93 మంది అగ్రకులాల వారు, ఎస్సీ ఎస్టీలు కలిపి మూడున్నర శాతం. ఏ కంపెనీ ఎటు పోతుందో ఆ బోర్డు గదుల్లో తేలుతుంది. బయటికి ఆ కబురు ముందుగా ఏ ఇళ్ల భోజనాల బల్లల దగ్గర చేరుతుందో ఊహించుకోండి. మన పిల్లలకు చేరేది టెలిగ్రామ్ ఛానల్‌లో, అందరికీ చేరాక.

నేను ఎక్కువసేపు చెప్పదలుచుకున్నది మాత్రం ఆస్తి గురించి. తెలివి గురించి కాదు. 2013 నాటి అఖిల భారత రుణ, పెట్టుబడి సర్వే ఆధారంగా సుఖదేవ్ థోరాట్ బృందం కట్టిన లెక్క ప్రకారం, జనాభాలో నాలుగో వంతు కూడా లేని అగ్రకుల హిందువుల చేతిలో దేశ సంపదలో 41 శాతం ఉంది. ఎస్సీల చేతిలో ఎనిమిది శాతం లోపే. ఆ ఎనిమిదిలో కూడా మన రెండు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలకున్నది అసైన్డ్ భూమి. 1977లో వచ్చిన చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. ఆ చట్టం మన భూమి మనకు మిగలడానికే వచ్చింది, దాన్ని తప్పుపట్టను. కానీ పక్కింటి రెడ్డిగారి అబ్బాయి చదువుకు వాళ్ల నాన్న అరెకరం అమ్మగలడు. మా నాన్న అమ్మలేడు, చాటుగా తెల్ల కాగితం మీద ఇచ్చేస్తే తప్ప.

రిస్క్ తీసుకోవడం ధైర్యానికి సంబంధించిన విషయమని యూట్యూబ్ గురువులు చెప్తారు. కాదు, వెనక ఏముందన్న దానికి సంబంధించిన విషయం. ఉదాహరణకు 2020 మార్చి తీసుకోండి. ఆ జనవరిలో 42 వేలు దాటిన సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువకు పడిపోయింది. మూడో వంతుకు పైగా ఆవిరి. అదే సెన్సెక్స్ ఆ డిసెంబర్ ఆఖరుకి 47 వేల పైన ఉంది. కదలకుండా కూర్చున్నవాళ్లు లాభంతో బయటపడ్డారు. కానీ ఆ ఏప్రిల్లో ఎవరు కదలకుండా కూర్చోగలరు? లాక్‌డౌన్‌లో నాన్న తాపీ పని ఆగిపోయిన ఇంట్లో, బియ్యం తప్ప ఏమీ లేని ఇంట్లో, ఇరవై వేల మ్యూచువల్ ఫండ్ ఉంటే దాన్ని పదమూడు వేలకైనా తీసుకోవలసిందే. కాగితం మీద నష్టం అలా నిజం నష్టమైంది. ఒకే ఫండ్, ఒకే తేదీన కొన్నారు, ఒకరికి లాభం, ఒకరికి నష్టం. తేడా తెలివిలో లేదు.

ఇంకో లెక్క. నెలకు 500 చొప్పున పదేళ్లు ఇండెక్స్ ఫండ్‌లో వేస్తే, ఏటా 12 శాతం వస్తుందనుకుంటే (వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు), కట్టిన 60 వేలు దాదాపు లక్షా పదహారు వేలవుతాయి. రెట్టింపు దగ్గరికి. బాగానే ఉంది. నా క్లాస్‌మేట్ ఒకతనికి వాళ్ల నాన్న పది లక్షలు ఫండ్‌లో వేసి ఇచ్చాడనుకోండి. అదే 12 శాతానికి పదేళ్లలో అది 31 లక్షలు. నా లాభం 56 వేలు, అతని లాభం 21 లక్షలు. మార్కెట్ ఇద్దరికీ ఒకే శాతం ఇచ్చింది, వివక్ష చూపలేదు. దూరం మాత్రం పెరిగింది. చక్రవడ్డీ ఎనిమిదో వింత అని చెప్పేవాళ్లు ఈ రెండో వరస చూపించరు. నెలకు 500 వద్దని కాదు. దానితో తరాల దూరం తీరుతుందన్న మాట అబద్ధమని మాత్రమే.

ఈ దూరం పిల్లలకు తెలియక కాదు. బాగా తెలుసు. అందుకే ఐదు వందలు, పన్నెండు శాతం, పదేళ్లు అంటే వాళ్లకు వెక్కిరింతలా వినిపిస్తుంది. "పదేండ్లకు లక్ష వస్తే ఏం జేస్కోవాలె అక్కా? చెల్లె పెండ్లి వచ్చే ఏడాదే" అన్నాడు తమ్ముడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆప్షన్స్ అతనికి దురాశలా కనిపించలేదు. మిగతా దారులన్నీ మూసుకున్నాక కనబడిన సందులా కనిపించింది. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ రమ్మీ నిషేధించారు. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. రమ్మీ ఆడే కుర్రాడిని ఊరు తిడుతుంది. ఆప్షన్స్ ఆడే కుర్రాడికి స్టేటస్‌లో చార్టు పెట్టుకునే గౌరవం ఉంది. చదువుకున్నవాడి ఆట అది.

మా అమ్మల మదుపు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పిల్లలు దాన్ని చిన్నచూపు చూడటం మొదలుపెట్టారు. మా అమ్మది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. ఆమెకు డ్వాక్రా పొదుపుంది, చెవుల కమ్మలున్నాయి, వీధిలో చీటీ ఉంది. చీటీలో నష్టమెక్కువ, బంగారం పెరగదు, ఎఫ్‌డీ వేస్ట్ అని రీల్స్ చెప్తాయి. కానీ చీటీ కేవలం పొదుపు కాదు, అవసరానికి పాడుకుని ఎత్తుకునే అప్పు కూడా. బ్యాంకు గడప తొక్కనివ్వని మనిషికి అది రెండూ. కమ్మలు అరగంటలో తాకట్టుకు పోయి నా ఇంటర్ ఫీజు అయ్యాయి, పంట వచ్చాక మళ్లీ చెవులకొచ్చాయి. ఏ మ్యూచువల్ ఫండ్ ఆ పని అరగంటలో చేయగలదు? మా అమ్మ లోపం చీటీ వేయడంలో లేదు. రిజిస్టర్ కాని చీటీ వేయడంలో ఉంది. 1982 చిట్ ఫండ్ చట్టం కింద నమోదైన చీటీకి ఫిర్యాదు చేసుకునే దారి ఉంటుంది. నడిపే మనిషి రాత్రికి రాత్రి ఊరు వదిలి పోయినప్పుడు మా అమ్మకు ఆ దారి లేదు.

నమ్మకమే పత్రంగా డబ్బు కట్టిన చరిత్ర మనది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది ఆరు వేల కోట్లకు పైగా కట్టారు. రోజు కూలీ, ఇళ్లలో పనిచేసే ఆమె, చిన్న కొట్టు నడిపేవాడు. డబ్బు తీసుకెళ్లిన ఏజెంట్ కూడా ఆ వీధి మనిషే, చాలాచోట్ల మన పేటలో పది చదివిన కుర్రాడే. సంస్థ కూలినప్పుడు జనం అతని ఇంటి ముందే కూర్చున్నారు. ఈరోజు టెలిగ్రామ్ ఛానల్ అడ్మిన్ ఏ ఊరివాడో తెలియదు. ముందు కూర్చోడానికి ఇల్లు కూడా లేదు.

కాబట్టి ఏం చేయాలి అని అడిగే పిల్లలకు నేను చెప్పేది మార్కెట్‌తో మొదలవదు. మొదటి మదుపు అప్పు తీర్చడం. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఐదు రూపాయలైతే 60. ఇంటి మీద లక్ష అప్పు మూడు రూపాయల వడ్డీకి ఉన్నప్పుడు, చేతికొచ్చిన లక్షతో దాన్ని తీర్చేస్తే 36 శాతం లాభం ఖాయంగా వచ్చినట్టే. పన్ను లేదు, రిస్క్ లేదు. ప్రపంచంలో ఏ ఫండ్ మేనేజరూ ఏటా అంత హామీ ఇవ్వడు. ఇస్తానంటే వాడు దొంగ. లోన్ యాప్ అప్పుంటే అది ఇంకా ముందు తీరాలి.

రెండోది, ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకోవడం. జేఆర్ఎఫ్ నెలకు 37 వేలు, ఎస్సీ జాతీయ ఫెలోషిప్‌దీ అదే రేటు. కాగితం మీద జీతంలా ఉంటుంది, చేతికి పంటలా వస్తుంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మీద బతికే డిగ్రీ పిల్లల సంగతి ఇంకా కష్టం. అసలు ఆ కేంద్ర పథకానికి అర్హత రావాలంటేనే ఇంటి ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. ఉద్యోగానికి రేపు చేరాలి, ఈరోజు నలభై వేలు కట్టి మెమో తెచ్చుకోవాలి. ఆ నలభై వేలు ఆ పూట షేర్లలో ఇరుక్కుని ఉంటే పోయేది లాభం కాదు, ఉద్యోగం. అందుకే ఆరు నెలల మెస్, గది, ప్రయాణం ఖర్చు విడిగా ఇంకో ఖాతాలోనో, చిన్న చిన్న ఎఫ్‌డీలుగానో ఉంచుకోవాలి. బ్యాంకు డిపాజిట్‌కి ఐదు లక్షల దాకా బీమా ఉంది. వడ్డీ తక్కువే. అది వడ్డీ కోసం పెట్టిన డబ్బు కాదు.

ఈ రెండూ అయ్యాక ఐదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బు మిగిలితే, అప్పుడు మార్కెట్. భయపడాల్సింది లేదు. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ అంటే యాభై పెద్ద కంపెనీల్లో కొంచెం కొంచెం కొనడం. ఏ కంపెనీ మంచిదో మనం తేల్చక్కర్లేదు, టిప్ అవసరం లేదు. ఐదు వందలతో మొదలుపెట్టొచ్చు, కొన్నింటిలో వందతోనూ. ఒక్క విషయం చూసుకోండి: ప్రతి ఫండ్‌కీ రెగ్యులర్ అని, డైరెక్ట్ అని రెండు ప్లాన్లుంటాయి. రెగ్యులర్‌లో ఏటా కొంత కమీషన్ అమ్మినవాడికి పోతుంది, డైరెక్ట్‌లో పోదు. 2013 నుంచి ఈ సదుపాయం ఉంది. బ్యాంకులో కౌంటర్ మీద కూర్చున్నాయన దీని గురించి తానుగా చెప్పడం నేనింకా చూడలేదు. ఇన్సూరెన్స్, మదుపు కలిపి అమ్మే పాలసీలకు బంధువుల ద్వారా వచ్చే ఒత్తిడి వేరే కథ. దాని గురించి ఇంకోసారి.

మన పిల్లలను ప్రత్యేకంగా వెతుక్కుంటూ వచ్చే ఉచ్చు ఒకటుంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. "నీ బ్యాంకు ఖాతా మూడు నెలలు ఇవ్వు, నెలకు ఐదు వేలిస్తాం", "నీ పేరు మీద డీమ్యాట్ తీస్తాం, ఐపీఓలు మేం వేసుకుంటాం, నీకు కమీషన్". పైసా పెట్టకుండా మదుపు అంటారు దీన్ని. సైబర్ మోసగాళ్లు దోచిన డబ్బు దాటించేది ఇలాంటి ఖాతాల గుండానే. పోలీసులు వచ్చినప్పుడు ఖాతాలో పేరు మనది. స్కాలర్‌షిప్ పడేదీ ఆ ఖాతాలోనే కాబట్టి, అది స్తంభిస్తే చదువూ స్తంభిస్తుంది. కేసు పడితే గ్రూప్స్ రాసే పిల్లవాడి భవిష్యత్తు ఏమవుతుందో ఈ పేజీ చదివేవాళ్లకు విడమరచనక్కర్లేదు.

టిప్ ఇచ్చేవాళ్ల సంగతి కూడా. డబ్బు తీసుకుని ఫలానా షేరు కొనమని సలహా ఇవ్వాలంటే సెబీ దగ్గర నమోదు కావాలి. నంబర్ అడగండి, సెబీ వెబ్‌సైట్‌లో చూడండి. "మేం సలహా ఇవ్వట్లేదు, చదువు చెప్తున్నాం" అంటారు కొందరు. చదువే చెప్పేవాళ్లు కనీసం మూడు నెలల పాత ధరలతోనే పాఠం చెప్పాలని సెబీ 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఇవాళ్టి చార్టు చూపించి పాఠం అంటున్నాడంటే అక్కడే తెలిసిపోతుంది.

కాలేజీల్లో ఈ మధ్య ఆర్థిక అవగాహన సదస్సులు ఎక్కువయ్యాయి. నేను వెళ్లిన ఒకదాంట్లో వక్త చివరన అందరి ఫోన్లలో ఖాతాలు తెరిపించాడు, ఒక్కో ఖాతాకీ తనకు రిఫరల్ డబ్బులొస్తాయని చెప్పకుండా. సదస్సు పెట్టిన అధ్యాపకుడికీ తెలియదు. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్లు, ఇతర విద్యార్థి సంఘాలు ఈ పని తమ చేతుల్లోకి తీసుకోవాలని నా అభిప్రాయం. మార్కెట్ మాట ఎత్తడమే పెట్టుబడిదారీ పాపం అన్నట్టు మనలో కొందరు ముఖం తిప్పుకుంటారు. తిప్పుకున్న ముఖం వెనక పిల్లలు ఫోన్ చూసుకుంటున్నారు. ఫ్రెషర్స్ రోజున ఒక గంట, మూడు రూపాయల వడ్డీ లెక్క, ఆప్షన్ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే చాలు.

దాంతోపాటే డిమాండ్ కూడా. ఫెలోషిప్ నెలనెలా పడితే తమ్ముడి చేతిలో ఒకేసారి లక్షా ఇరవై వేలు ఉండేవి కావు. నెలనెలా వచ్చే జీతాన్ని మనిషి ఒకలా ఖర్చు పెడతాడు, ఎప్పుడో వచ్చే లాటరీని ఇంకోలా. ప్రభుత్వం మన హక్కును లాటరీలా ఇస్తోంది, తర్వాత లాటరీ మనస్తత్వం గురించి మనకే పాఠాలు చెప్తోంది. రోహిత్ వేముల 2016 జనవరి 17న రాసిన ఆఖరి ఉత్తరంలో కూడా ఈ లెక్కే ఉంది. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు, తనకు రావాలని, అది ఇంటికి చేర్చమని, అందులోంచి ఒక స్నేహితుడికి తానివ్వాల్సిన డబ్బు తీర్చమని. ఒక పరిశోధక విద్యార్థి బ్యాలెన్స్ షీట్ అది. రావలసినవి, ఇవ్వవలసినవి. అందులో మదుపు అనే వరస లేదు.

తమ్ముడు ఆ తర్వాత నాలుగు నెలలకు వాళ్లమ్మకు నిజం చెప్పాడు. ఆమె తిట్టలేదట. "ఎవలకన్న ఇయ్యాల్నా బిడ్డా?" అని మాత్రం అడిగిందట. ఎవరికీ ఇవ్వనక్కర్లేదని తేలాక అన్నం తిన్నావా అని అడిగి ఫోన్ పెట్టేసిందట. నాకివ్వాల్సిన ఐదు వేలలో మూడు వేలు ఇచ్చాడు. పోస్టాఫీసులో నెలకు వెయ్యి చొప్పున ఆర్‌డీ మొదలుపెట్టాడు, చెల్లెలి పేరు మీద. యాప్ ఫోన్‌లో ఇంకా ఉంది, తీసేయలేదు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మూడు నెలలుగా ఇద్దరికీ ఫెలోషిప్ పడలేదు.